పీహెచ్‌డీని నమ్మేదెలా?

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో చాలామంది లెక్చరర్ల పేరు ముందు ‘డాక్టర్’ కనిపిస్తోంది, ఆ పీహెచ్‌డీలను నమ్మొచ్చా అని అడిగారు. థీసిస్ (పీహెచ్‌డీ కోసం రాసే పరిశోధన గ్రంథం) చదివి నమ్మండి.

సంఖ్య పెరగడానికి ఉద్యోగ నిబంధనలు పెద్ద కారణం. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018లో ప్రకటించింది. 2023లో ఆ షరతు తీసేసి నెట్, సెట్ లాంటి అర్హత పరీక్ష పాసైతే చాలంది. ఈలోపు పరిశోధన మీద ఇష్టం లేనివాళ్లూ ఉద్యోగం కోసం చేరారు. ఏళ్ల తరబడి నిజాయితీగా పనిచేసినవాళ్లనూ జనం వాళ్లతో ఒకే గాటన కట్టేస్తుంటే నాకు బాధేస్తుంది.

దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో నాగార్జున యూనివర్సిటీ థీసిస్‌లూ ఉచితంగా దొరుకుతాయి. థీసిస్‌లో అడిగిన ప్రశ్న ఏమిటో, డేటా ఎక్కడిదో చూడండి. అన్నట్టు, గౌరవ డాక్టరేట్ పరిశోధన డిగ్రీ కిందికి రాదు.