కాక్‌పిట్ కబుర్లు: మీ ప్రశ్నలు, కెప్టెన్ జవాబులు

(గల్ఫ్, యూరప్, అమెరికా, తూర్పు ఆసియా రూట్లలో విమానాలు నడిపి, 65 నిండాక ఈమధ్యే రిటైరైన కృష్ణా జిల్లా కెప్టెన్ గారికి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్ని.)

ఇన్ని దేశాలు తిరిగారు కదా కెప్టెన్ గారూ, మీకు బాగా నచ్చింది ఏది?
– ఒక పాఠకురాలు, తెనాలి

తిరిగిందానికీ చూసినదానికీ పొంతన లేదమ్మా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెల్లవారుజామున దిగితే హోటల్‌కి వెళ్లి కర్టెన్లు లాగేసి పడుకోవడమే. మర్నాడు మళ్లీ యూనిఫాం. సగం ఊళ్లలో నాకు తెలిసింది హోటలూ, దాని పక్కనున్న సూపర్ మార్కెట్టూ. మా ఆవిడ అడిగితే ఆ సూపర్ మార్కెట్లో పెరుగు ఎక్కడుంటుందో చెప్పగలను, మ్యూజియం ఎక్కడుందో చెప్పలేను.

నచ్చినదంటే మాత్రం హాంకాంగ్. ఊరికంటే అక్కడ దిగే దారి నాకు ముద్దు. పాత కై టక్ ఎయిర్‌పోర్టు సంగతి చెబుతున్నాను, 1998 జులైలో మూసేశారు. అంతకుముందు కో-పైలట్‌గా వెళ్లేవాణ్ని. రన్‌వే సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉండేది. మామూలుగా ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే రేడియో సిగ్నల్ పట్టుకుంటే అది తిన్నగా రన్‌వే మీదికి తీసుకొస్తుంది. కై టక్‌లో ఊరి వైపు నుంచి దిగితే ఆ సిగ్నల్ తీసుకెళ్లేది ఒక కొండ మీదికి! ఆ కొండకి చదరంగం బల్ల మాదిరి పెద్ద పెద్ద గళ్లు గీసి రంగులేశారు. గళ్లు కనబడ్డాయా, ఆటోపైలట్ తీసేసి చేత్తో కుడివైపు 47 డిగ్రీలు తిప్పాలి. కనబడలేదా, దిగే ఆలోచన మానుకుని పైకి లేవాలి. ఆ మలుపులో కుడి రెక్క కింద కౌలూన్ డాబాలు, టీవీ యాంటెన్నాలు, కర్రల మీద ఆరేసిన బట్టలు కనిపించేవి. రన్‌వేకి ఎదురుగా సరిపడేసరికి ఎత్తు 150 అడుగులుంటే గొప్ప. పక్కగాలి కొడితే ఇక చెప్పక్కర్లేదు. 1993లో తుపాను గాలుల్లో ఒక జంబో జెట్ దిగి, ఆగలేక నీళ్లలోకి జారిపోయింది. అదృష్టం, అందరూ బతికారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్క సీట్లో ఉన్న కెప్టెన్ ఒక్కటే మాటన్నారు: "ఆ బట్టల వంక చూడకు, గళ్లు చూడు." చూడకుండా ఉండటం ఎవడి తరం!

నిరుడు ఎండాకాలం మా నాన్న దుబాయ్ నుంచి వచ్చిండు. ఆయన వచ్చిండు గానీ సామాను మరునాడు వచ్చింది. ఎందుకట్ల?
– ఒక పాఠకుడు, జగిత్యాల

ఎండ వల్ల బాబూ. గల్ఫ్‌లో జులైలో మధ్యాహ్నం 45 డిగ్రీలు మామూలు, రాత్రి కూడా వేడి పెద్దగా తగ్గదు. వేడికి గాలి పలచబడుతుంది. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ల బలమూ తగ్గుతుంది. ఇంత వేడిలో, ఇంత పొడవు రన్‌వే మీద, ఇంత బరువుకి మించి లేవకూడదని లెక్క ఉంటుంది. ఆ లెక్క దాటితే ఏదో ఒకటి దించాలి. మనుషుల్ని దించితే గొడవ. ఇంధనం తగ్గించే పని అసలు పెట్టుకోకూడదు. ఇక మిగిలింది సామానే.

చివర్లో ఆ లెక్క కాగితాల మీద సంతకం పెట్టేది కెప్టెన్. కాబట్టి మీ నాన్నగారి పెట్టె దించేసినవాళ్లలో నేను లేకపోయినా, అలాంటి పెట్టెలు చాలా దింపించాను. ప్లాస్టిక్ తాడుతో బిగించిన అట్టపెట్టెలు, నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు. లోపల దుప్పట్లు, పాలపొడి డబ్బాలు. ఎవరికేమి తెచ్చారో పైన రాయరు గానీ, వట్టి చేతుల్తో ఇంటికెళ్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అదే కాగితాల్లో ఇంకొకటి ఉంటుంది. సరుకులో ప్రత్యేకమైనవి ఏమున్నాయో కెప్టెన్‌కి రాసిస్తారు: రసాయనాలు, బతికున్న జంతువులు, ఇలా. అందులో ఒక్కోసారి 'హెచ్‌యూఎం' అని ఉండేది. అంటే శవపేటిక. గల్ఫ్ నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు అది కనిపిస్తే ఎవరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఎంత బరువు తగ్గించాల్సొచ్చినా దాని జోలికి వెళ్లొద్దని చెప్పేవాణ్ని. శంషాబాద్‌లో అంబులెన్సు మాట్లాడుకుని రాత్రంతా నిలబడినవాళ్లకి 'రేపు రండి' అని ఎవరు చెబుతారు?

పైలట్లు ఇద్దరూ ఒకే భోజనం తినరట, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

నిజమే, చాలా కంపెనీల్లో అదే పద్ధతి. తిండి వికటిస్తే ఇద్దరూ ఒకేసారి పడిపోకుండా. కెప్టెన్ వద్దన్నది కో-పైలట్‌కి వస్తుంది. నేను కెప్టెన్ అయ్యాక ఈ పద్ధతి చాలా న్యాయంగా తోచింది.

సముద్రం మీద రాడార్ అందదంటారు. మరి మీరు తప్పిపోరా?
– ఒక పాఠకురాలు, డాలస్

దారి జీపీఎస్ చూసుకుంటుందమ్మా, తప్పిపోవడం ఉండదు. చిక్కల్లా పక్క విమానంతోనే. అందుకే అట్లాంటిక్ మీద గాలుల్ని బట్టి ఏ రోజుకారోజు కొత్తగా దారులు గీస్తారు. యూరప్ నుంచి పగలు పడమటికి, అమెరికా నుంచి రాత్రి తూర్పుకి. ఇటువైపు సగం ఐర్లండ్, స్కాట్లండ్ వాళ్లు, అటు సగం కెనడాలోని గ్యాండర్ వాళ్లు చూస్తారు. మా రోజుల్లో గురగురలాడే రేడియోలో 'ఫలానా చోట ఉన్నాం, ఫలానా టైముకి తర్వాతి చోటు' అని చెప్పాల్సొచ్చేది. ఇప్పుడు చాలావరకు టెక్స్ట్ మెసేజీలే.

123.45 అని ఒక ఫ్రీక్వెన్సీ ఉంది, సముద్రం మీద పైలట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి. ముందు కుదుపులున్నాయా అని అడగడానికి అది. 2011 వరల్డ్ కప్ ఫైనల్ రోజు నేను అమెరికా వెళ్తూ అందులో స్కోరు అడిగాను. రూల్ ప్రకారం అడక్కూడదు. ఎవరో హిందీలో జవాబిచ్చారు, ధోనీ ఇంకా క్రీజులో ఉన్నాడని.

కుదుపులొస్తే రెక్క విరిగిపోతుందేమోనని నాకు టెన్షన్.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

విరగదు. విమానం ఎగిరినన్నాళ్లూ ఎదురయ్యే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలనేది డిజైన్ నిబంధన. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివాళ్లకే. కూర్చున్నంతసేపూ పెట్టుకోండి.

మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. పైలట్ కోర్సుకని పొలం అమ్మమంటున్నాడు. అమ్మమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

ఆగండి. ముందు డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) మెడికల్ చేయించండి, క్లాస్-2, ఆపైన క్లాస్-1. చెవులు, గుండె, రంగుల్ని పోల్చుకునే చూపు, అన్నీ చూస్తారు. ఫీజు మొత్తం కట్టేశాక రంగుల దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను, తండ్రుల మొహం చూడలేకపోయాను.

మెడికల్ గట్టెక్కాక కూడా తొందరొద్దు. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. వానలకీ, విమానం రిపేర్లకీ అది నెలల తరబడి సాగుతుంది, ఆ హాస్టల్ ఖర్చు బ్రోచర్లో ఉండదు. లైసెన్సొచ్చాక ఒక్కో రకం విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం నడిపే అర్హత, వేరే, దానికి మళ్లీ లక్షలు. ఆ తర్వాత ఉద్యోగం ఎప్పుడొస్తుందో విమాన కంపెనీల వ్యాపారం బట్టి ఉంటుంది. ఉద్యోగం గ్యారంటీ అని ఏ స్కూలువాడైనా అంటే టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి. వీలైతే మీరూ అబ్బాయీ కలిసి రెండు మూడు స్కూళ్లకి వెళ్లండి. ఆఫీసులో కూర్చోకండి, షెడ్డు దగ్గరికి వెళ్లి ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో, ఎన్ని మూలన పడున్నాయో లెక్కపెట్టండి. అక్కడ చదివే కుర్రాళ్లని పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరారని అడగండి.

పొలం బేరం మాత్రం క్లాస్-1 కాగితం చేతికొచ్చేదాకా ఎవరితోనూ ఎత్తకండి.