ఫెల్డ్‌స్పార్: డోస్ రికవరీ తప్పితే, నెగ్గితే

ప్రశ్న: నది ఇసుక పొరల వయసు కట్టడానికి పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఖనిజంపై 290 డిగ్రీల పరారుణ పద్ధతిని (గింజల్లో దాగిన రేడియేషన్ శక్తిని వేడి చేసి, పరారుణ కాంతితో వెలుగుగా రాబట్టి కొలిచేది) పరీక్షిస్తున్నాం. డోస్ రికవరీ పరీక్షలో (తెలిసిన డోస్ ఇచ్చి, కొలతలో అదే తిరిగి వస్తుందా అని చూడటం) గింజల్ని సోలార్ సిమ్యులేటర్ (కృత్రిమ ఎండ దీపం) కింద 4 గంటలు ఉంచి, 100 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలమానం) బీటా డోస్ ఇస్తే కొలతలో 124 వస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: ఆ 124లో మీరు ఇవ్వనిది ఎంతుందో ముందు తేల్చండి. 290 దగ్గర వచ్చే సిగ్నల్ మొండిది, 4 గంటల వెలుగుకి పూర్తిగా ఖాళీ కాదు. అదే వెలుగులో ఉంచిన మరో నాలుగైదు గింజల డిస్కుల్ని డోస్ ఇవ్వకుండా కొలిచి, ఆ మిగులు తీసేయండి. మిగులు 9 గ్రే వచ్చిందనుకుందాం, ఇచ్చిన 100కి కొలతలో 115, నిష్పత్తి 1.15. ఉండాల్సింది 0.9–1.1 మధ్య. అంటే ఇంకా తప్పినట్టే.

తర్వాతి అనుమానం టెస్ట్ డోస్ (గింజల సున్నితత్వం ఎంత మారిందో చూడటానికి ప్రతి కొలత తర్వాత ఇచ్చే డోస్) మీద. క్వార్ట్జ్ అలవాటుకొద్దీ 5 గ్రే పెట్టేస్తుంటారు. ముందిచ్చిన పెద్ద డోస్ తాలూకు అవశేషం అంత చిన్న సిగ్నల్‌ని మింగేసి, సున్నితత్వ సవరణను చెడగొడుతుంది. 30–50 గ్రేకి పెంచి చూడండి. ప్రీహీట్ (నిలవని సిగ్నల్‌ని పోగొట్టడానికి కొలతకి ముందు చేసే వేడి) 320 డిగ్రీలు, 60 సెకన్లు. టెస్ట్ డోస్ తర్వాతా అంతే, ఒక్క డిగ్రీ మార్చొద్దు. ప్రతి సైకిల్ చివర 325 డిగ్రీల వద్ద పరారుణ కాంతితో కడగడం మానొద్దు.

అయినా కుదరకపోతే కొలత వేడిని 290 నుంచి 225కి దించండి, ప్రీహీట్ 250. ఈ సిగ్నల్ త్వరగా ఖాళీ అవుతుంది, ఫేడింగ్ (దాగిన సిగ్నల్ కాలంతో కారిపోవడం) కాస్త ఎక్కువ. కొన్ని వేల ఏళ్ల ఇసుకకైతే మా ఓటు దీనికే. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో రాతి పనిముట్ల పొరకి 3.85 లక్షల ఏళ్లని (64 వేలు అటూ ఇటూగా) 2018లో ప్రకటించింది కూడా ఈ కుటుంబానికి చెందిన పద్ధతితోనే.

ప్రశ్న: డోస్ రికవరీ 0.98 వచ్చింది. ఫేడింగ్ కూడా కొలవాలా?

జవాబు: కొలవాలి. రికవరీ పరీక్ష గంటల్లో ముగుస్తుంది, వేల ఏళ్ల కారుడు అందులో కనబడదు. అగ్నిపర్వత ఫెల్డ్‌స్పార్లలో ఈ గుణాన్ని శాస్త్రవేత్త యాన్ వింటల్ 1973లోనే చూపించారు.

డోస్ ఇచ్చిన వెంటనే ప్రీహీట్ చేసి, ఆ తర్వాతే చీకట్లో దాచండి. వరస తిరగేస్తే, నిలవని సిగ్నల్ దాచిన కాలంలో తనంతట తాను పోతుంది, మీరేమో దాన్ని ఫేడింగ్ అనుకుంటారు. వెంటనే ఒకసారి, తర్వాత 1, 10, 100 గంటలకి కొలిచి, కాలాన్ని లాగ్ స్కేల్‌లో పెట్టి గీయండి. కాలం పదింతలైనప్పుడల్లా ఎంత శాతం తగ్గిందో అదే జీ-విలువ.

290 సిగ్నల్‌కి 1 శాతం వస్తే వయసు సవరించడానికి తొందరపడకండి. ఫేడింగ్ లేని క్వార్ట్జ్‌ని అదే యంత్రంలో పెట్టినా ఆ మాత్రం చూపించవచ్చు. 50 డిగ్రీల దగ్గర కొలిచే సిగ్నల్‌కి 3 శాతం వస్తే సవరణ తప్పదు, కానీ మామూలు సవరణ సూత్రం డోస్ వక్రం (డోస్ పెరిగితే సిగ్నల్ ఎంత పెరుగుతుందో చూపే గీత) సరళరేఖలా ఉన్నంత మేరకే చెల్లుతుంది.