చొక్కా చెయ్యి మడిస్తే ఒక జోకు, హెల్మెట్ తీస్తే ఇంకో జోకు

"మగవాళ్ల కండల మీదా, చెదిరిన జుట్టు మీదా ఇన్ని జోకులు ఎందుకు పుడతాయి? మీకేమైనా అనుభవం ఉందా?" అని అడిగారు.

ఉంది. రెండింట్లోనూ బాధితుణ్ణి నేనే.

ఇంజినీరింగ్ రెండో ఏడులో వైజాగ్ గాజువాకలో జిమ్‌లో చేరాను. అద్దంలో కనిపించేది ముందువైపు కండే కాబట్టి ఆరు నెలలు దానికొక్కదానికే పని చెప్పాను. దండచేతి కండలో దాదాపు మూడింట రెండు వంతులు వెనకనుండే ట్రైసెప్స్‌దేనని అప్పుడు తెలీదు. ఎవరైనా చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. ఒకరోజు చొక్కా చేతులు రెండు మడతలు ఎక్కువ మడిచి కాలేజీకి వెళ్తే మా వాడొకడు నా చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ముందు నుంచి లెగ్‌పీసు, వెనక నుంచి ములక్కాడ. ఏటి బావా ఇది?" అన్నాడు. కాలేజీ అయ్యేదాకా నా పేరు ములక్కాడే.

ఆ ఊపులోనే బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి గారి విగ్రహం పక్కన చెయ్యి మడిచి ఫోటో కూడా దిగాను. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న మనిషి పక్కన! ఫోటో చూసి మా అమ్మమ్మ అడిగిందొకటే మాట: "ఆయన దగ్గర ఆ పిల్లాడెవడర్రా?"

అసలు దెబ్బ గ్యాస్ సిలిండర్ కొట్టింది. నిండు సిలిండర్ అంటే గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా ఉంటుంది. చుట్టాలందరూ హాల్లో ఉండగా "కండలు పెంచావుగా, లోపల పెట్టు" అంది అమ్మ. నేను వంగి, పట్టి, ముఖం ఎర్రబడి, గడప దగ్గర ఆగిపోయాను. దాన్ని మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిన మనిషి చేతులు నా చేతుల్లో సగం ఉంటాయి. ఆయన పుస్తకంలో సంతకం చేయించుకుని, సిలిండర్ని ఒక్క ఊపుతో భుజానికెత్తి వంటింట్లో దించేసి వెళ్లిపోయాడు. నవ్వలేదు కూడా. నవ్వింది మా వాళ్లే.

ఇక జుట్టు. మద్దిలపాలెం నుంచి రుషికొండలో ఆఫీసుకి బండి మీద వెళ్తాను. ఇంట్లో జెల్ రాసి దువ్వుకున్నది హెల్మెట్ కింద అణుగుతుంది, తీశాక సముద్రపు గాలికి లేస్తుంది. మన ఊరి ఉక్కపోత చెప్పక్కర్లేదు. వెంట్రుక తేమను పీల్చుకుని కాస్త సాగుతుంది, పొడి గాలిలో రెండున్నర శాతం దాకా పొట్టిదవుతుంది. 1783లో సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త ఇదే గుణం పట్టుకుని, మనిషి వెంట్రుకతో గాలిలో తేమను కొలిచే పరికరం చేశాడు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పడం నా జీవితంలో చేసిన పొరపాట్లలో ఒకటి. ఇప్పుడు నేను సాయంత్రం గుమ్మంలోకి రాగానే తల వైపు చూసి, "ఇవాళ బట్టలు ఆరవు" అంటుంది.

జోకు ఎక్కడుందంటే, నాకు అర్థమైనంతవరకు, కండలోనూ లేదు, జుట్టులోనూ లేదు. చూడమని మనం పెట్టిన చోట వేరేది కనబడినప్పుడు నవ్వొస్తుంది. ఇంగ్లీషులో 'బ్యాడ్ హెయిర్ డే' అని తప్పు రోజు మీదకి తోసేస్తారు. కండల్ని 'గన్స్', అంటే తుపాకులు, అని గొప్పగా చూపించుకుంటారు. మనకి ఆ వెసులుబాటు లేదు. "కాకి గూడులా ఏటా తల?" అని మనిషినే పట్టుకుంటారు. కండకి తుపాకీ గౌరవం ఎక్కడిది, కూరలో ముక్కే. ఒక్కటి మాత్రం చెప్పాలి: జుట్టు నిజంగా ఊడిపోతున్నవాడి దగ్గర ఈ సరదా పనికిరాదు. వాడు నవ్వుతాడు, ఇంటికెళ్లి అద్దం చూసుకుంటాడు.

అందరి తలలూ ఒకేలా ఉన్న రోజులు మాత్రం చూశాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా వీధిలో కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, జెల్ సంగతి ఎవడిక్కావాలి. పడిపోయిన చెట్లు జరపడానికి అందరం దిగాం. నా ములక్కాడ చేతులు కూడా పనికొచ్చాయి, ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం డాబా ఎక్కి చూస్తే పచ్చగా ఉండే కైలాసగిరి బోసిగా కనబడింది. నాన్న చాలాసేపు చూసి, "కొండకి గుండు కొట్టించేసిందిరా" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. చొక్కా చేతులు మడవడం మానేశాను, హెల్మెట్ తీశాక లేవడానికి తల మీద మునుపటంత జుట్టూ లేదు. సిలిండర్ మాత్రం ఇప్పటికీ నేనే లోపల పెడతాను. ఎత్తను, దొర్లిస్తాను.