వేరే రాష్ట్రం నుంచి వచ్చి తిరుపతిలో స్థిరపడిన మాజీ జవాను సాహిత్యం ప్రొఫెసర్ కావచ్చా?

తప్పకుండా కావచ్చు, సైన్యంలో చేసిన సర్వీసు గానీ, రిటైరైన వయసు గానీ, సొంత రాష్ట్రం గానీ ఇందుకు అడ్డు రావు.

యూనివర్సిటీ ఉద్యోగాలకు నిబంధనలు పెట్టే యూజీసీ చూసేది చదువునే. తొలి మెట్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. సంబంధిత సబ్జెక్టులో 55 శాతం మార్కులతో ఎంఏ ఉండాలి, ఆపైన నెట్ (జాతీయ అర్హత పరీక్ష) పాసవ్వాలి లేదా నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసి ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం రాసే నెట్‌కు వయోపరిమితే లేదు. అదే పరీక్షతో ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు మాత్రం ఉంది, అందులోనూ సైన్యంలో పనిచేసినవారికి ఐదేళ్ల వరకు సడలింపు ఇస్తారు. ఇక్కడ ఒక్క మెలిక: ఇప్పుడు వేరే రాష్ట్రంలో సెట్ (నెట్ లాంటి రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష) పాసైతే అది ఆ రాష్ట్రానికే పరిమితం. నెట్ అయితే దేశమంతటా చెల్లుతుంది. అందుకే వలస వచ్చినవారికి నెట్టే మేలు.

ఉదాహరణకు, తమిళనాడు నుంచి వచ్చిన ఒక హవల్దార్ ఇంటర్ చదువుతో 36 ఏళ్లకు రిటైరయ్యారనుకుందాం. మూడేళ్ల బీఏ, రెండేళ్ల ఇంగ్లిష్ ఎంఏ, తర్వాత నెట్. 42 ఏళ్లు వచ్చేసరికి ఎస్వీ యూనివర్సిటీ నోటిఫికేషన్ పడితే దర్జాగా అప్లై చేసుకోవచ్చు. ప్రొఫెసర్ హోదా మాత్రం పీహెచ్‌డీ, ఏళ్ల తరబడి బోధన అనుభవం ఉంటేనే.

చాలామంది పొరబడేది గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ దగ్గరే. 15 ఏళ్ల సర్వీసుకు సైన్యం ఇచ్చే ఆ కాగితం గ్రూప్-సి ఉద్యోగాల్లో డిగ్రీకి సమానంగా పనికొస్తుంది, అంతే. అది యూనివర్సిటీ డిగ్రీ కాదు. దాన్ని నమ్ముకుని బీఏ మానేస్తే ఎంఏ సీటు దగ్గరే బండి ఆగిపోతుంది.