టెక్ సందేహాలు: వాటర్ సర్వీసింగ్ మిషన్ కొనేముందు బకెట్ పట్టుకెళ్లండి

ఈసారి వచ్చిన సందేహాల్లో మూడు ఒకే పని, బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ గురించి ఉన్నాయి. అందుకే ఫోన్ల సంగతి వచ్చే వారానికి జరిపాను.

మాది నకిరేకల్ దగ్గర పల్లె అన్నా. రోడ్డు పక్కన సొంత జాగా ఉంది, బోరు ఉంది, వాటర్ సర్వీసింగ్ పెడదామనుకుంటున్నా. ఎక్కువ వచ్చేవి ట్రాక్టర్లు, బైకులే. ఆన్‌లైన్‌లో ‘2 హెచ్‌పీ, 200 బార్, నిమిషానికి 15 లీటర్లు’ అని ఒక ప్రెషర్ వాషర్ తక్కువ రేటుకి చూశాను. కొనొచ్చా?

కొనొద్దు తమ్ముడూ. ఆ మూడు అంకెలు ఒక్క మిషన్‌లో ఉండడం కుదరదు. చిన్న లెక్క చూడు. బార్‌ని, అంటే ప్రెషర్ కొలతని, నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే నీళ్లకు కావాల్సిన పవర్ కిలోవాట్లలో వస్తుంది. 200 ఇంటూ 15 అంటే 3000, దాన్ని 600తో భాగిస్తే 5 కిలోవాట్లు. 2 హెచ్‌పీ మోటారు ఇచ్చేదే ఒకటిన్నర కిలోవాట్లు, మిగతా మూడున్నర ఎక్కడి నుంచి రావాలి? గన్ మూసినప్పటి ప్రెషర్‌నీ, నాజిల్ తీసేసి వదిలినప్పటి నీళ్లనీ పక్కపక్కన అచ్చేస్తే ఇలాంటి అంకెలే వస్తాయి.

అసలు అందరూ బార్ అడుగుతారు కానీ నీళ్లు అడగరు, నాకు బాధనిపించేది అదే. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్‌కి, కేజ్ వీల్స్ సందుల్లో పిడచలు పిడచలుగా పట్టుకున్న మట్టికి 150 బార్ సన్నటి ధార కొడితే గీత పడ్డట్టు పోతుంది తప్ప మట్టి కిందికి జారదు. దాన్ని తోసుకుపోవడానికి నీళ్లు కావాలి. నీకు వచ్చేవి ట్రాక్టర్లే కాబట్టి పొలాలకు మందు కొట్టే హెచ్‌టీపీ పంపుకి 3 హెచ్‌పీ మోటారు, బెల్టు పెట్టించుకో. 30 బార్ దగ్గర నిమిషానికి 30 లీటర్ల దాకా ఇచ్చేవి ఉంటాయి, పై లెక్కలో వేసి చూసినా సరిపోతుంది. వాషర్లు, సీళ్లు పోతే వ్యవసాయ సామాన్ల షాపులో దొరుకుతాయి, యాసంగి నాట్ల టైంలో స్పేరు కోసం హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. కార్లు బాగా రావడం మొదలయ్యాక 100 బార్ పైన ఉన్నది ఇంకోటి తీసుకోవచ్చు.

షాపుకి వెళ్లేటప్పుడు 20 లీటర్ల బకెట్ పట్టుకెళ్లు, మొహమాటం వద్దు. నిండా నీళ్లు పోసి, నీళ్లు పీల్చే సక్షన్ పైపు, మిగులు నీళ్లు వెనక్కి వదిలే బైపాస్ పైపు రెండూ అందులోనే ముంచి, గన్ పూర్తిగా నొక్కమను. ఫోన్‌లో టైం చూడు. 10 లీటర్లు తగ్గడానికి 40 సెకన్లు పడితే నిమిషానికి 15 లీటర్లు, 20 సెకన్లు పడితే 30. అడుగుదాకా పోనివ్వకు, పంపు గాలి పీలుస్తుంది. అదే టైంలో గేజి ముల్లు ఎక్కడ నిలబడిందో చూస్తే అసలు ప్రెషర్ కూడా తెలిసిపోతుంది.

బోరు గురించి కూడా ఒక మాట. నిమిషానికి 30 లీటర్ల చొప్పున ట్రాక్టర్‌కి 15 నిమిషాలు గన్ నొక్కితే 450 లీటర్లు. రోజుకి పది ట్రాక్టర్లంటే 4,500. ఏప్రిల్‌లో నీ బోరు ఎంత పోస్తుందో ఇప్పుడే కనుక్కో, పంపు ముందు కనీసం 2000 లీటర్ల ట్యాంకు పెట్టుకో. మట్టి, ఆయిలు కలిసిన నీళ్లు పక్క పొలంలోకి పోకుండా రెండు గదుల గుంత తవ్వించు. మొదటి గదిలో మట్టి దిగుతుంది, పైన తేలే ఆయిలును తీసేయొచ్చు.

వ్యవసాయ కనెక్షన్ మీద మాత్రం నడపకు. ఉచిత కరెంటు పొలానికి ఇచ్చింది, వ్యాపారానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్కగడతారు. కమర్షియల్ మీటర్ తీసుకో. తడి నేల మీద తడి చేతులతో పని కాబట్టి సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఈ రెండూ లేకుండా మొదటి రోజు కూడా స్విచ్ వేయకు.

జడ్చర్ల నుంచి రాస్తున్నాను. మా ఆయన నడిపే సర్వీసింగ్ సెంటర్లో 120 బార్ మిషన్ మూడు నెలలకే ప్రెషర్ ఎగిరెగిరి పడుతోంది. మెకానిక్ పంపు మార్చాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

పంపు దాకా పోకండమ్మా, ముందు నాజిల్ విప్పి వెలుతురుకి పెట్టి చూడండి. మన పాలమూరు, నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కానీ మిషన్‌ని ఇబ్బంది పెట్టేది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. టీ గిన్నెలో అడుగున తెల్లగా పేరుకునేదే నాజిల్ రంధ్రంలోనూ పేరుకుంటుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం ఒక పక్క మూసుకుపోయి కనబడితే రాత్రంతా నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానేసి, సన్నటి రాగి తీగతో మెల్లగా పొడవండి. ఇనుప సూది వద్దు, రంధ్రం పాడైపోతుంది.

అది బాగానే ఉంటే నీళ్లు లోపలికొచ్చే చోట జాలి ఫిల్టర్ చూడండి, ఇసుక ఉంటుంది. ఆ తర్వాత సక్షన్ పైపు జాయింట్ల మీద సబ్బు నురగ రాసి మిషన్ నడపండి. నురగ లోపలికి పీల్చుకుపోతున్న చోట గాలి దూరుతున్నట్టే, ఒక క్లిప్పు బిగిస్తే సరిపోతుంది. చివరగా ఆయిలు చూసే అద్దం. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు లోపలికి చేరాయి, సీళ్లు పోయాయి. అప్పుడు కూడా సీళ్ల కిట్ మార్చి చూశాకే పంపు మాట.

ఇంకో అలవాటు కూడా మీ ఆయనను అడగండి. కస్టమర్‌తో మాట్లాడుతూ గన్ వదిలేసి మోటారు అలాగే తిరగనిస్తున్నారా? ఆటో స్టాప్ లేని మిషన్‌లో అవే నీళ్లు పంపులో తిరిగి తిరిగి వేడెక్కి సీళ్లను కాల్చేస్తాయి. రెండు నిమిషాలు దాటేలా ఉంటే ఆపేయాలి.

ఎర్ర రంగు జీరో డిగ్రీ నాజిల్ వాడుతుంటే దాన్ని తీసి దాచేయండి, దయచేసి. ఆ ధార చర్మంలోకి దూరిందంటే పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల కండ దెబ్బతింటుంది. అలా జరిగితే పసుపు పెట్టి ఊరుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. కార్లకు 25 డిగ్రీల ఆకుపచ్చది లేదా 40 డిగ్రీల తెల్లది పెట్టి, అడుగున్నర దూరం నుంచి కొడితే రంగుకీ భయం ఉండదు.

వనపర్తిలో బైక్ వాషింగ్ పెట్టి ఏడాదైంది సార్. సాయంత్రం రష్‌లో డబ్బులు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించి పోతున్నారు, రాత్రి చూసుకుంటే రావట్లేదు. ఏదైనా యాప్ ఉందా?

స్క్రీన్‌షాట్‌ని నమ్మకు, అలాంటి స్క్రీన్లు తయారుచేసే నకిలీ యాప్‌లు చాలా ఉన్నాయి. నీ చేతులు తడిగా ఉంటాయి, ఫోన్ తీసి చూసుకోలేవు కాబట్టి నీకు సౌండ్ బాక్స్ కావాలి. మర్చంట్ క్యూఆర్ తీసుకుంటే దాంతోపాటే ఇస్తారు, నెలకి కొంత అద్దె ఉంటుంది. మోటారు మోతలో వినబడకపోతే దాన్ని గోడకి కాకుండా గన్ పట్టుకునే వైపు, నీళ్లు పడని ఎత్తులో పెట్టు. బాక్స్ పలికాకే తాళం చెవి ఇవ్వు.