అనంతపురంలో మండువేసవిలో వడగళ్లు ఎలా పడతాయి?

40 డిగ్రీల ఎండలో మంచుగడ్డలేమిటన్న అనుమానం సబబే. కిటుకంతా ఎత్తులో ఉంది. మే నెలలో అనంతపురం నేల పెనంలా కాలుతుంది. దాన్ని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అందులో తేమ ఉంటే, పైకి పోయేకొద్దీ చల్లబడి మేఘమవుతుంది. సుమారు 5 కిలోమీటర్ల పైన ఉష్ణోగ్రత సున్నాకు దిగిపోతుంది; క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం 12 కిలోమీటర్లు దాటి కూడా పెరుగుతుంది. అక్కడ గడ్డకట్టిన చుక్కను కింది నుంచి ఎగదన్నే గాలి పడనివ్వదు. చుట్టూ ఉన్న నీటి తుంపరలు దానికి అంటుకుని గడ్డకడుతుంటే పొర మీద పొరగా లావెక్కుతుంది. గాలి మోయలేనంత బరువయ్యాక రాలిపడుతుంది. పెద్ద వడగల్లును అడ్డంగా కోస్తే ఉల్లిపాయలాంటి పొరలు కనిపిస్తాయి, కరిగిపోయేలోపు చూడగలిగితే! వానకు ముందు దుమ్ము లేపి అరటితోటలను పడగొట్టే ఈదురుగాలి కూడా ఆ మేఘం నుంచి కిందికి దూకిన చల్లగాలే.