ఫుట్‌బాల్ లీగ్‌ని సీజన్ మొత్తం ఎలా చూస్తారు? ఏ జట్టుతో మొదలుపెట్టాలి?

"ఐపీఎల్ రెండు నెలల్లో అయిపోతుంది. ఫుట్‌బాల్‌లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మామూలుగా ఐదారు నెలలు సాగుతుంది, గోల్స్ కూడా పెద్దగా రావు. ఒకే జట్టుని పట్టుకుని అంతకాలం ఎలా చూస్తారు? కొత్తగా మొదలుపెట్టాలంటే ఏ జట్టు మంచిది?" అని అడిగారు. 2019లో మా తమ్ముడు నన్ను అచ్చం ఇదే అడిగాడు. అప్పుడు నోట మాట రాలేదు. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ వెంట ఆరు సీజన్లు తిరిగాను కాబట్టి ఇప్పుడు కొంచెం చెప్పగలను.

మా మొదలే బాగాలేదు. పుణె క్లబ్ మూతపడి, దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ జట్టు వచ్చింది. తొలి మ్యాచ్ కోల్‌కతాలో, అక్కడి క్లబ్ ఏటీకే చేతిలో 5-0తో ఓటమి. నవంబరు 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సొంతగడ్డ మీద మొదటి ఆట, కేరళ బ్లాస్టర్స్‌తో. ట్రాఫిక్ దాటుకుని, బండి ఎక్కడ పెట్టాలో వెతుక్కుని లోపలికి వెళ్లేసరికి ఆట మొదలై పావుగంట. నా చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే అరుపులు. మనవాళ్లలో ఇంత ఉత్సాహం ఎప్పుడు వచ్చిందబ్బా అనుకుంటూ కూర్చున్నాను. రాహుల్ కేపీ కేరళకి గోల్ కొట్టగానే వాళ్లంతా లేచి గంతులేశారు. అప్పుడు అర్థమైంది, నేను మలయాళీల మధ్యలో కూర్చున్నానని. రెండో సగంలో మన స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మనవాడే మార్సెలీన్యో ఫ్రీ కిక్‌తో 2-1. ఆ వరసలో లేచి అరిచింది నేనొక్కణ్నే.

ఆ రాత్రి ఇంటికొచ్చి, ఇక కప్పు మనదే అన్నట్టు మాట్లాడాను. ఆ తర్వాత గెలుపు మళ్లీ ఫిబ్రవరిలో, సీజన్ చివరి మ్యాచ్‌లో నార్త్‌ఈస్ట్ మీద 5-1. మధ్యలో ఒక్కటీ లేదు. 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ఓడిపోతుందని తెలిసీ బుధ, గురువారాల్లో ఆఫీసు నుంచి పరుగెత్తి టీవీ ముందు కూర్చోవడం అలవాటైంది ఆ సీజన్‌లోనే.

మీరు గోల్స్ గురించి అడిగారు కదా, 2020-21 సంగతి చెప్తాను. కొవిడ్ వల్ల లీగ్ అంతా గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో జరిగింది. కోచ్‌గా స్పెయిన్ నుంచి మానొలో మార్కెజ్ వచ్చాడు. ఆ ఏడు మా వాళ్లు 20 మ్యాచ్‌ల్లో ఓడింది మూడే. చెప్పుకోవడానికి గొప్పగా ఉంది. కానీ 11 డ్రాలు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. ఆఖరి మ్యాచ్‌లో గోవాని ఓడిస్తే మొదటి నాలుగు జట్లలోకి వెళ్తాం, సెమీస్ ఆడతాం. 0-0. అయిదో స్థానం. డిసెంబరులో "పోనీలే, ఒక పాయింట్ వచ్చింది" అని టీవీ కట్టేసిన ఆటలన్నీ ఆ రాత్రి వరసగా గుర్తొచ్చాయి. లీగ్ చూడటంలో ఉన్న నొప్పి, రుచి రెండూ నాకు అక్కడే తెలిశాయి. ఎప్పుడో పోయిన రెండు పాయింట్లకి మూడు నెలల తర్వాత ఏడుపొస్తుంది.

ఇక 2021-22. ఇంటి నుంచే పని కాబట్టి నేను సికింద్రాబాద్‌లో అమ్మావాళ్ల దగ్గరే ఉన్నాను. మా తాతయ్యకి అప్పుడు ఎనభై దాటాయి. చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆడితే గోడెక్కి చూసినవాడు. ఆ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే పేరున్న టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అదే రహీం సాబే తర్వాత భారత జట్టు కోచ్‌గా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చాడు. కాబట్టి మా తాతయ్య దృష్టిలో ఇప్పటివాళ్లకి ఆట రాదు. టీవీ సౌండ్ తీసేయించి కూర్చుని, "గోల్ అటుంటే బంతిని వెనక్కెందుకు ఇస్తార్రా?" అని ప్రతి ఐదు నిమిషాలకీ అడిగేవాడు.

ఆ సీజన్ నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకే చోటు, అంతకుముందు ఐదుగురు. నా లెక్కలో మా జట్టుకి కలిసొచ్చింది అదే. చాలా క్లబ్బులు స్వదేశీ కుర్రాళ్లని సర్దుబాటుకి పెట్టుకుంటే, మార్కెజ్ అంతకుముందు ఏడాదే వాళ్ల మీద నమ్మకం పెట్టి ఆడించాడు. ఎడమవైపు ఆకాశ్ మిశ్రా, కుడివైపు ఆశిష్ రాయ్. మీరు కొత్తగా చూస్తుంటే బంతి వెంట కళ్లు పరుగెత్తించకండి, పది నిమిషాలు ఇలా పక్క గీత వెంబడి ఆడే ఒక్క డిఫెండర్‌నే (సైడ్ బ్యాక్) చూడండి. ఎప్పుడు ముందుకెళ్తున్నాడు, వెళ్లినప్పుడు వెనక ఖాళీని ఎవరు కాస్తున్నారు అని. గోల్ లేని ఆట కూడా అప్పుడు బోరు కొట్టదు. గోల్స్ కొట్టడానికి ముందు మాత్రం నైజీరియా ఆటగాడు ఒగ్బెచె ఉన్నాడు, ఆ ఏడు 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. తాతయ్య మెచ్చిన ఒకే ఒక్కడు అతను. "వీడు మన కాలం వాడ్రా" అనేవాడు. వయసులోనా ఆటలోనా అని నేను అడగలేదు.

నేను పాత రఫ్ నోట్‌బుక్‌లో పట్టిక గీసుకునేవాణ్ని. యాప్‌లో అన్నీ ఉంటాయి, నిజమే. కానీ చేత్తో రాస్తే ఎవరికి ఎవరితో ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయో బుర్రలో నిలబడుతుంది. మొదటి మ్యాచ్ చెన్నైయిన్‌కి 1-0తో పోయింది. తర్వాత ముంబయి మీద 3-1. డిసెంబరు ఆఖర్లో ఒడిశా మీద 6-1. అదే డిసెంబరులో గోవాతో 1-1, ఈస్ట్ బెంగాల్‌తో 1-1, నోట్‌బుక్‌లో ఆ రెండిటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాను. ఫిబ్రవరికి వచ్చేసరికి మన జట్టు ఆడని రోజు కూడా టెన్షనే. జంషెడ్‌పూర్ ఎవరితో ఆడుతోంది, మోహన్ బగాన్ జారిందా లేదా అని చూసుకోవాలి. నాకు ఏ సంబంధమూ లేని రెండు జట్ల ఆటలో డ్రా కోసం దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. చివరికి జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో షీల్డ్ తీసుకుంది (పట్టికలో మొదటివాళ్లకి షీల్డ్, ఆ తర్వాత సెమీస్, ఫైనల్ గెలిచినవాళ్లకి కప్పు), మనకి 38, రెండో స్థానం. సెమీస్ ఒకే జట్టుతో రెండు మ్యాచ్‌లు, గోల్స్ కలిపి లెక్క. ఏటీకే మోహన్ బగాన్ మీద మొదటిది 3-1, రెండోది 0-1, కలిపి 3-2తో గట్టెక్కాం.

ఫైనల్ మార్చి 20న, మడ్‌గావ్ ఫతోర్డా స్టేడియంలో. ఎదురుగా మళ్లీ కేరళ. గ్యాలరీలోకి జనాన్ని రానిచ్చారు, వచ్చినవాళ్లలో కేరళ వాళ్లే ఎక్కువ. ఆఫీసులో నా పక్క సీటు మలయాళీ స్నేహితుణ్ని ఇంటికి పిలిచాను. వాళ్ల రంగూ పసుపే, మన రంగూ పసుపే, సోఫాలో ఎవరు ఎవరి వైపో అమ్మకి చివరిదాకా తెలియలేదు. ఇద్దరికీ సమానంగా మిరపకాయ బజ్జీలు పెట్టింది. 68వ నిమిషంలో గోల్. కొట్టింది ఎవరనుకున్నారు? రాహుల్ కేపీ. గచ్చిబౌలిలో నన్ను కూర్చోబెట్టిన అదే కుర్రాడు. మా స్నేహితుడు సోఫా మీద నిలబడ్డాడు. 88వ నిమిషంలో మన సాహిల్ టవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి కొట్టిన షాట్‌తో 1-1. ఇప్పుడు నేను నిలబడ్డాను. పెనాల్టీలలో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కేరళ ఆటగాడు నిషు కుమార్ కొట్టిందాన్ని ఆపితే, గీత వదిలి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. అదీ ఆపాడు. మన హలిచరణ్ నర్జరీ ఆఖరిది వేశాక 3-1తో కప్పు మనది. స్నేహితుడు కాసేపు ఏం మాట్లాడలేదు. తాతయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, "ఏం కాదు బాబూ, మీవాళ్లు బాగా ఆడారు, వెనక్కి ఇవ్వడం తగ్గించమను" అన్నాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుండేది. 2022-23లో ఆటలు మళ్లీ గచ్చిబౌలికి వచ్చాయి. ముంబయి వెనకే రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. ఆ సీజన్ అయ్యాక మార్కెజ్ గోవా జట్టుకి వెళ్లిపోయాడు. 2023-24లో డబ్బు ఇబ్బందులు, జీతాల గొడవలు, ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో సీజన్ మొత్తంలో ఒకటే గెలుపు, 8 పాయింట్లు. రెండేళ్ల కింద కప్పెత్తిన జట్టు. నిజం చెప్పాలంటే ఆ సీజన్ నేను ఎక్కువ శ్రద్ధగా చూశాను. చెన్నైయిన్ మీద ఆ ఒక్క 1-0 గెలుపుకి 6-1కి కూడా పడనంత సంబరపడ్డాను. 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. దాని స్కోరు చూస్తుంటాను గానీ, పట్టిక గీయాలనిపించలేదు.

ఇంతకీ మీరు ఏ జట్టుతో మొదలుపెట్టాలి? పట్టికలో పైన ఉన్నదాన్ని ఏరుకోకండి, రెండు నెలలకే విసుగొస్తుంది. మీరు బస్సెక్కో బండెక్కో వెళ్లి చూడగలిగే జట్టు ఉంటే అదే పట్టుకోండి. బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటే ఆ ఊరిదే. హైదరాబాద్‌లో ఉంటే ఐఎస్‌ఎల్ కింది స్థాయి లీగ్ వైపు చూడండి, శ్రీనిధి డెక్కన్ ఉంది. ఆ లీగ్‌ని ఐ-లీగ్ అనే రోజుల్లో, 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానంలో నిలిచింది. అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా వాళ్ల మైదానం. నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. జనం తక్కువ, గీతకి దగ్గరగా కూర్చోవచ్చు. గోల్‌కీపర్ తన డిఫెండర్లని తిట్టే తిట్లు కూడా స్పష్టంగా వినిపిస్తాయి.